బదిలీ అయితే ఐఈపీ ఆగిపోదు

అందరికీ నమస్కారం.

అమెరికా సైన్యంలో ఉన్న తెలుగు కుటుంబాలు ఇక్కడ ఉన్నాయి కాబట్టి సూటిగా విషయానికి వస్తాను. ఐఈపీ అంటే ప్రత్యేక అవసరాలున్న బిడ్డకు బడి రాసి ఇచ్చే వ్యక్తిగత విద్యా ప్రణాళిక. టెక్సాస్‌లో ఫోర్ట్ హుడ్ పక్కనే ఉన్న కిలీన్ లాంటి ఊళ్లలో ప్రభుత్వ బడులకు పిల్లలు ఏడాది పొడవునా వస్తుంటారు, వెళ్తుంటారు. ఆటిజం ఉన్న పాపకో, మాటలు సరిగా రాని బాబుకో ప్రతి బదిలీకీ టీచరూ థెరపిస్టూ మారిపోతారు. అలవాటు పడేసరికి మళ్లీ ఆర్డర్లు.

కొత్త స్కూల్ డిస్ట్రిక్ట్‌లో, అంటే ఆ ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే సంస్థలో, తరచూ వినిపించే జవాబు: "బిడ్డకు ఏం కావాలో మేం పరీక్షలు చేసుకున్నాక చూద్దాం." దానికి ఒప్పుకోకండి. వైకల్యం ఉన్న పిల్లల చదువు కోసం 1975లో వచ్చి, 1990 నుంచి ఐడియా అనే పేరుతో నడుస్తున్న కేంద్ర చట్టం సేవలు అలా ఆపడానికి వీల్లేదంటుంది. విద్యా సంవత్సరం మధ్యలో వేరే రాష్ట్రం నుంచి వచ్చినా సరే, పాత ఐఈపీలో ఉన్నవాటికి సాటివచ్చే సేవలు ఇవ్వాలి. డిస్ట్రిక్ట్ మళ్లీ పరీక్షించుకోవచ్చు, కొత్త ఐఈపీ రాయవచ్చు. ఆ పని పూర్తయ్యేదాకా స్పీచ్ థెరపీ మాత్రం నడవాల్సిందే. థెరపీ ఇచ్చే పద్ధతి అచ్చం పాతదానిలాగే ఉండకపోవచ్చు, అసలే లేకపోవడం మాత్రం కుదరదు.

పరీక్షలు సగంలో ఉండగా బదిలీ వస్తేనే అసలు ఇబ్బంది. తల్లిదండ్రులు సంతకం పెట్టిన నాటి నుంచి మొదటి పరీక్షలకు కేంద్ర నిబంధన ఇచ్చే గడువు 60 రోజులు. కొన్ని రాష్ట్రాలకు సొంత గడువు ఉంది. ఊరు మారగానే మొదటి నుంచి మొదలుపెడితే ఈ పిల్లలకు పరీక్షలు ఎప్పటికి పూర్తవుతాయి? అందుకే వీలైతే 30 రోజుల్లోపే ముగించమని కేంద్ర విద్యాశాఖ 2013లో రాష్ట్రాలకు రాసింది. అది ఆదేశం కాదు, సలహా. అయినా మీటింగ్‌లో ఆ ఉత్తరం సంగతి ఎత్తండి.

కాగితాలు మీ చేతిలోనే ఉంచుకోండి. 2008లో మొదలై ఇప్పుడు 50 రాష్ట్రాలూ చేరిన సైనిక కుటుంబాల పిల్లల విద్యా ఒప్పందం ప్రకారం, మీరు తెచ్చిన అనధికార రికార్డులతోనే బడిలో చేర్చుకోవాలి. ఐఈపీ, చివరి పరీక్షల రిపోర్టు, ప్రోగ్రెస్ నోట్లు ట్రక్కులో ఎక్కించే పెట్టెల్లో వేయకండి.

ఈఎఫ్ఎంపీలో, అంటే ప్రత్యేక అవసరాలున్న కుటుంబసభ్యుల కోసం సైన్యం నడిపే కార్యక్రమంలో, పేరు రాయిస్తే కెరీర్ దెబ్బతింటుందేమోనని మనవాళ్లలో చాలామందికి టెన్షన్. సైన్యంలో ఉన్నవారు డ్యూటీలో ఉండగా అర్హత ఉన్న కుటుంబం నమోదు కావడం తప్పనిసరి. పోస్టింగ్ వేసేముందు మీ బిడ్డకు కావలసినవి అక్కడ దొరుకుతాయా అని చూడడానికే అది. బేస్‌లో బడులతో వ్యవహారాల్లో సాయపడే స్కూల్ లయజన్ కూడా ఉంటారు, డబ్బేమీ తీసుకోరు.

ఇంకో సంగతి నాకు చాలా ముఖ్యం. ఇంట్లో తెలుగే మాట్లాడే పిల్లను ఇంగ్లీషులో మాత్రమే పరీక్షించి "మాట వెనకబడింది" అని రాసేస్తే అన్యాయం. వీలున్నంతవరకు పిల్లకు వచ్చిన భాషలోనే పరీక్షించాలని చట్టంలో ఉంది. ఇంగ్లీషులో ఇబ్బంది పడే అమ్మమ్మే పిల్ల సంరక్షకురాలైతే, ఐఈపీ మీటింగ్‌కు డిస్ట్రిక్టే దుబాసీని పెట్టాలి. మీటింగ్ తేదీ ఖాయం కాగానే ఆ సంగతి ఈమెయిల్‌లో అడగండి. ఏదైనా సేవ కాదంటే, ఎందుకు కాదన్నారో కాగితం మీద రాసి ఇవ్వమనండి. అలా ఇవ్వడం కూడా వాళ్ల బాధ్యతే.