పార్కింగ్ ఒక మూల, మీటర్ ఒక మూల: ఇంటి దగ్గర ఈవీ చార్జర్ కుదురుతుందా?

సంధానకర్త: నమస్కారం. ఎలక్ట్రిక్ కారు కొనాలని ఉన్నా చార్జర్ ఎక్కడ పెట్టాలో తెలియక ఆగిపోయినవాళ్లు చాలామంది ఉన్నారు. ఇవాళ్టి చర్చ వాళ్ల కోసం. మేడమ్, ముందు మీ ఇబ్బంది చెప్పండి.

కారు యజమాని: మీటర్ బిల్డింగ్ ముందువైపు ఉందండీ. నా పార్కింగ్ సెల్లార్‌లో వెనక మూల. కేబుల్ దారి కొలిస్తే 60 మీటర్లు వచ్చింది. పైగా ఇంటికి మంజూరైన లోడ్ తక్కువ. చార్జర్ బిగించడానికి వచ్చినాయన చూసి, కుదరదని వెళ్లిపోయారు.

ఇంజనీర్: ఆయన 7.4 కిలోవాట్ల చార్జర్ లెక్క వేసుంటారు. 230 వోల్టుల సింగిల్ ఫేజ్‌లో దానికి 32 ఆంపియర్లు కావాలి. అంత దూరానికి 6 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ వేస్తే దాదాపు 14 వోల్టులు దారిలోనే పోతాయి. అది ఎక్కువే. మీరు రోజుకు ఎంత తిరుగుతారు?

కారు యజమాని: నలభై కిలోమీటర్లు దాటదు.

ఇంజనీర్: అయితే 6, 7 యూనిట్లు చాలు. రాత్రంతా కారు ఆగే ఉంటుంది కదా! 16 ఆంపియర్లకు సెట్ చేస్తే రెండు గంటలకు కాస్త అటూఇటూగా ఎక్కిపోతుంది. కరెంటు సగమైతే వోల్టేజీ నష్టం కూడా సగమే. పెద్ద చార్జర్ కోసం పట్టుబట్టడం వల్లే చాలా ఇళ్లలో పని ఆగిపోతోందని నా అభిప్రాయం.

సంధానకర్త: ఏసీ, గీజర్ ఒకేసారి ఆన్ అయితే?

ఇంజనీర్: లోడ్ మేనేజ్‌మెంట్ ఉన్న చార్జర్ తీసుకోవాలి. మెయిన్ వైరుకు, అందులో ఎంత కరెంటు పోతోందో కొలిచే చిన్న సీటీ సెన్సర్ తగిలిస్తారు. ఇల్లు ఎక్కువ వాడుతుంటే చార్జర్ 6 ఆంపియర్ల దాకా తగ్గుతుంది. అదీ మిగలకపోతే కాసేపు ఆగి, మళ్లీ మొదలవుతుంది.

అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి: మా భయం వేరే సర్. ఇవాళ ఒకరికి ఒప్పుకుంటే రేపు పదిమంది వస్తారు. గోడలనిండా ఎవరి కేబుల్ వాళ్లదే. నిప్పంటుకుంటే జవాబు ఎవరు చెప్పాలి?

ఇంజనీర్: న్యాయమైన భయమే. అందుకే మొదటి అనుమతి ఇచ్చే రోజే పదిమంది కేబుళ్లూ ఒకే దారిలో వెళ్లేలా సరిపోయే కేబుల్ ట్రే వేయించండి. ఆవిడ మీటర్ నుంచే కరెంటు వస్తే బిల్లు గొడవ ఉండదు. కామన్ సప్లై అయితే ఒక్కో చార్జర్‌కు సబ్‌మీటర్ పెట్టాలి. ఉన్న లోడ్‌నే అన్ని చార్జర్లూ పంచుకునే ఏర్పాటు కూడా ఉంది.

కారు యజమాని: ఈలోగా బాల్కనీ నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్స్ వేలాడదీస్తే...

ఇంజనీర్: వద్దమ్మా, దయచేసి ఆ పని చెయ్యొద్దు! దానికి ఇస్త్రీపెట్టె పెడితే మధ్యమధ్యలో ఆగుతుంది. కారు గంటల తరబడి ఆగకుండా లాగుతుంది. పిన్ను ఏమాత్రం వదులుగా ఉన్నా అక్కడే వేడెక్కి కాలుతుంది. ఇంకో మాట. కారు నుంచి డీసీ లీకేజీ వస్తే మామూలు ఆర్‌సీడీ, అంటే లీకేజీ వస్తే కరెంటు ఆపేసే పరికరం, సరిగా పనిచెయ్యకపోవచ్చు. డీసీ లీకేజీని కూడా పట్టుకునే టైప్ బి ఆర్‌సీడీ పెట్టించండి. లేదంటే చార్జర్‌లోనే 6 మిల్లీఆంపియర్ల డీసీ లీకేజీని పట్టుకునే ఏర్పాటు ఉండాలి, దానికి తోడు టైప్ ఏ ఆర్‌సీడీ.

సంధానకర్త: కార్యదర్శి గారూ, ఈవిడ దరఖాస్తు పెడితే ఏం చేస్తారు?

సంఘం కార్యదర్శి: కేబుల్ దారి గీసిన డ్రాయింగ్, లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ ఇచ్చిన లోడ్ లెక్క, ఎర్త్ టెస్ట్ రిపోర్ట్ తెమ్మనండి. మీటింగ్‌లో నేనే ప్రతిపాదిస్తాను.

కారు యజమాని: ట్రే ఖర్చంతా నా మీదే వేస్తారా?

సంఘం కార్యదర్శి: లేదమ్మా. ట్రే సంఘం వేయిస్తుంది. చార్జర్ పెట్టుకునే ప్రతివాళ్లూ తమ వాటా కడతారు. మీ కేబుల్, మీ చార్జర్ మాత్రం మీవి.