రంబోల్డులు మూడు తరాలు: మద్రాసు గవర్నరు నుంచి హైదరాబాదు అప్పుల దాకా

వ్యాఖ్యాత: నమస్కారం. పద్దెనిమిదో శతాబ్దపు బ్రిటిష్ గవర్నర్లలో, రాయబారుల్లో బారోనెట్లు చాలామంది కనిపిస్తారు. మేడమ్, అసలు ఈ బిరుదేమిటి?

చరిత్ర అధ్యాపకురాలు: వంశపారంపర్యంగా వచ్చే బిరుదండీ. పేరుకు ముందు ‘సర్’ చేరుతుంది, లార్డుల సభలో చోటు మాత్రం ఉండదు. థామస్ రంబోల్డ్‌నే తీసుకోండి. ప్లాసీలో క్లైవ్ దగ్గర పనిచేశాడు. బెంగాల్లో గడించి, ఇంగ్లండు వెళ్లి పార్లమెంటు సభ్యుడయ్యాడు. 1778లో మద్రాసు గవర్నరుగా వచ్చాడు. ఆ ఏడాదే ఫ్రెంచివాళ్ల పుదుచ్చేరి లొంగింది, 1779లో ఆయనకు బారోనెట్ బిరుదు దక్కింది.

పరిశోధకుడు: ముట్టడి నడిపింది హెక్టర్ మన్రో, అది మరవకూడదు.

వ్యాఖ్యాత: మన జిల్లాలతో ఆయనకు పనేమిటి సార్?

పరిశోధకుడు: చాలా ఉంది! ఉత్తర సర్కారుల, అంటే కంపెనీ చేతిలోని కోస్తా జిల్లాల, పరిస్థితి విచారించడానికి సర్క్యూట్ కమిటీ ఒకటి ఉండేది. రంబోల్డ్ దాన్ని రద్దు చేసి, జమీందార్లనే మద్రాసు రమ్మన్నాడు. గంజాం, విశాఖ వైపు నుంచి పరివారంతో అంత దూరం ప్రయాణమంటే ఎంత ఖర్చు! ఆ భారం చివరికి రైతు మీదే కదండీ. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

అధ్యాపకురాలు: గుంటూరు సంగతీ చెప్పాలి. అది నిజాం అలీ తమ్ముడు, ఆదోనిలో ఉండే బసాలత్ జంగ్‌ది. రంబోల్డ్ నిజాంను అడక్కుండా తమ్ముడితోనే ఒప్పందం చేసుకుని, గుంటూరును ఆర్కాటు నవాబు మహమ్మదలీకి గుత్తకిచ్చాడు. పైగా సర్కారుల కోసం కంపెనీ నిజాంకు ఏటా కట్టాల్సిన పేష్కష్, అంటే కప్పం, వదులుకోమని కబురు పంపాడు. నిజాం మండిపడ్డాడు. మలబారు తీరంలోని ఫ్రెంచి రేవు మాహేను ఇంగ్లీషువాళ్లు తీసుకున్నారని మైసూరు హైదరలీ అప్పటికే కోపంగా ఉన్నాడు. 1780 ఏప్రిల్‌లో రంబోల్డ్ ఓడెక్కాడు, జులైలో హైదర్ కర్ణాటకం, అంటే ఆర్కాటు నవాబు రాజ్యం, మీద పడ్డాడు.

వ్యాఖ్యాత: శిక్ష పడిందా?

అధ్యాపకురాలు: కంపెనీ తొలగించింది. పార్లమెంటులో హెన్రీ డండస్ శిక్షా బిల్లు పెట్టాడు. 1783కి అది అటకెక్కింది. బిరుదు అలాగే ఉంది, హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో కట్టించుకున్న ఉడ్‌హాల్ పార్కు భవనమూ ఉంది. 1791లో పోయాడు.

వ్యాఖ్యాత: కొడుకు రాయబారి కదా?

పరిశోధకుడు: అవును, సర్ జార్జ్, హాంబర్గులో. 1804 అక్టోబరులో నెపోలియన్ సైనికులు రాత్రివేళ ఆయన్ని ఎత్తుకెళ్లి పారిస్‌లో బంధించారు. ప్రష్యా రాజు అడ్డుపడితే విడిచారు. కానీ మనం చూడాల్సింది ఆయన కొడుకు సర్ విలియంని. హైదరాబాదులో పామర్ కంపెనీలో భాగస్తుడు, నిజాం ప్రభుత్వానికి హెచ్చు వడ్డీకి అప్పులిచ్చిన కంపెనీ అది. ఆయన భార్య గవర్నర్ జనరల్ లార్డ్ హేస్టింగ్స్ (వారన్ హేస్టింగ్స్ కాదు) ఇంట్లో పెరిగిన పిల్ల. ఆ అండ ఉండబట్టే అంత ధైర్యం. చార్లెస్ మెట్కాఫ్ రెసిడెంటుగా, అంటే నిజాం దర్బారులో కంపెనీ ప్రతినిధిగా, వచ్చాకే గుట్టు బయటపడింది.

వ్యాఖ్యాత: మరి ఆ అప్పు ఎలా తీరింది?

పరిశోధకుడు: ఏటా ఏడు లక్షల పేష్కష్ రావాలి కదండీ, నిజాంకు. 1823లో ఈస్టిండియా కంపెనీ దాని బదులు ఒకేసారి కోటీ పదహారు లక్షల చిల్లర రూపాయలిచ్చి ఆ బాధ్యత శాశ్వతంగా వదిలించుకుంది. ఆ సొమ్ము పామర్ బాకీకే వెళ్లింది.

అధ్యాపకురాలు: తాత వదులుకోమన్నది ఈ పేష్కష్‌నే! ఇది పథకం అనను, మధ్యలో నలభై నాలుగేళ్లున్నాయి. కానీ సర్కారుల మీద హైదరాబాదుకు మిగిలిన ఆఖరి రాబడి అలా పోయింది.