శిక్షణ తరగతి: హాల్లో కాదు, చేలో

శ్రోతలకు నమస్కారం.

రైతు శిక్షణ అనగానే చాలామంది కళ్ల ముందు మెదిలేది ఒక హాలు, మైకు, తెర మీద బొమ్మలు, చివర్లో సర్టిఫికెట్టు, ఫొటో. అక్కడ విన్నది వారం తిరిగేసరికి గుర్తుండదు. ఇందులో రైతుల తప్పేమీ లేదు. చేత్తో చేయాల్సిన పనిని చెవికి చెప్పి పంపిస్తే మరేం మిగులుతుంది? అందుకే ఎలాంటి శిక్షణకు వెళ్లాలి, అక్కడ ఏం చేయించుకోవాలి, తిరిగొచ్చాక నేర్చుకున్నదాన్ని ఎలా పరీక్షించాలి అన్నది ఈ పూట చెప్పుకుందాం.

పొలంబడి మాట మీరు వినే ఉంటారు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో 1989లో ఇండోనేషియాలో మొదలైన పద్ధతి అది. వరి రసం పీల్చే సుడిదోమ అనే పురుగు దానికి కారణం. అక్కడ మందు కొట్టినకొద్దీ దోమ పెరిగింది. దోమను తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు ముందు చచ్చాయి. ఆకు తొడుగుల్లో దాగిన దోమ గుడ్లకు మాత్రం మందు సరిగా తగల్లేదు. అవి పిల్లలయ్యేసరికి వాటిని తినే పురుగే చేలో లేదు. 1986లో అక్కడి ప్రభుత్వం వరి మీద 57 రకాల పురుగుమందుల్ని నిషేధించింది. అయితే నిషేధం పెట్టినంత మాత్రాన రైతుకు మిత్ర పురుగేదో శత్రు పురుగేదో తెలిసిపోదు. అది నేర్పడానికే చేలోనే బడి పెట్టారు.

ఈ బడి నడిచే తీరు గమనించదగ్గది. పాతిక మంది దాకా రైతులు పంటకాలమంతా వారానికోసారి, ఉదయం పూట చేలో కలుస్తారు. ఐదుగురు ఐదుగురుగా జట్లు కడతారు. ఒక్కో జట్టు చేలో అక్కడక్కడా పది దుబ్బులు పట్టి చూస్తుంది: ఎత్తు ఎంత, పిలకలెన్ని, ఏ పురుగులు ఎన్ని, నీరెంత నిలిచింది, కలుపు ఎలా ఉంది. ఆ తర్వాత నీడన కూర్చుని పెద్ద కాగితం మీద మధ్యలో మొక్క బొమ్మ, ఒక పక్క నష్టం చేసే పురుగులు, మరో పక్క వాటిని తినేవి గీస్తారు. అది చూసి ఈ వారం ఏం చేయాలో, అసలేమైనా చేయాలో వద్దో జట్టే తేలుస్తుంది. "ఇదేం పురుగండీ?" అని అడిగితే మంచి శిక్షకుడు వెంటనే పేరు చెప్పడు. "ఎక్కడ దొరికింది? ఏం చేస్తోంది?" అని ఎదురడుగుతాడు. అనుమానముంటే గాజు సీసాలో ఒక సాలీడునీ పది దోమల్నీ వేసి, పలచటి గుడ్డ కట్టి, మర్నాడు దోమల్ని లెక్కపెట్టిస్తాడు. ఇక ఆ రైతుకు సాలీడు గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు.

అన్నిటికీ పంటకాలమంతా అక్కర్లేదు, నిజమే. ఒక్క పూటలో నేర్చుకోగలిగినవీ ఉన్నాయి. వాటిలో నేను మొదట పెట్టేది స్ప్రేయర్ కొలత. ఎక్కువ డబ్బు వృథా అయ్యేదీ, తక్కువ మంది నేర్చుకునేదీ ఇదే.

వీపు మీద మోసే స్ప్రేయర్‌లో మందు కలపకుండా మంచినీళ్లే ఒక గుర్తు దాకా పోయాలి. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు కొలిచి మేకులు పాతి తాడు కట్టాలి. రోజూ కొట్టే వేగంతోనే, అదే ఒత్తిడితో ఆ ముక్కంతా పిచికారీ చేయాలి. తర్వాత కొలత జగ్గుతో నీళ్లు పోస్తూ ట్యాంకును మళ్లీ ఆ గుర్తు దాకా నింపాలి. నాలుగు లీటర్లు పట్టాయనుకోండి. అది వంద చదరపు మీటర్లకు అయిన ఖర్చు. ఎకరం సుమారు 4,047 చదరపు మీటర్లు కాబట్టి ఎకరానికి దాదాపు 162 లీటర్లు, అంటే 16 లీటర్ల ట్యాంకులు పది. డబ్బా మీద ఎకరానికి 200 మిల్లీలీటర్లని రాసి ఉంటే ట్యాంకుకు 20 మిల్లీలీటర్లు పోయాలి.

ఇప్పుడు పొరపాటు ఎక్కడ జరుగుతుందో చూడండి. ట్యాంకుకు అదే 20 పోసి, గబగబా నడిచి ఆరు ట్యాంకులతో ఎకరం ముగించిన మనిషి వేసింది 120 మిల్లీలీటర్లే. పురుగు చావదు, మందు నకిలీదన్న అనుమానం మొదలవుతుంది. నింపాదిగా నడిచి పదిహేను ట్యాంకులు కొట్టినతను 300 వేశాడు. ఆకు మాడవచ్చు, పంటలో అవశేషాలు మిగలవచ్చు. అందుకే శిక్షకుడు చేసి చూపిస్తే సరిపోదు, ప్రతి ఒక్కరూ స్ప్రేయర్ భుజానికెత్తుకోవాలి. ఎవరి నడక వారిది, లెక్క కూడా ఎవరిది వారిదే. పైరు ఎదిగాక, నాజిల్ మార్చాక మళ్లీ కొలవాలి.

నాజిల్ సంగతి కూడా అక్కడే చూసుకోవాలి. నిమిషం పాటు దాన్నుంచి వచ్చే నీటిని కొలత గ్లాసులో పట్టి, అదే రకం కొత్త నాజిల్‌తో పోల్చాలి. పది శాతానికి మించి ఎక్కువొస్తే రంధ్రం అరిగినట్టే, మార్చేయాలి. మూసుకుపోతే పిన్నీసుతో పొడవకూడదు, రంధ్రం దెబ్బతింటుంది. నోటితో ఊదడం సంగతి వేరే చెప్పాలా, అది విషం. పాత టూత్‌బ్రష్, నీళ్లు చాలు.

మట్టి నమూనా తీయడం ఇంతకంటే తేలిక, కానీ అశ్రద్ధ ఎక్కువ. గట్టు పక్కన, చెట్టు నీడన, పెంటకుప్ప ఉన్న చోట, ఎరువు వేసిన కొద్ది రోజులకు మట్టి తీస్తే ల్యాబు ఎంత మంచిదైనా ఫలితం తప్పే. పంట చేలో పది పదిహేను చోట్ల 15 సెంటీమీటర్ల లోతున 'వి' ఆకారంలో గుంట తీసి, అంచు నుంచి పలచగా మట్టి చెక్కాలి. అంతా కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు తీసేస్తూ అరకిలో మిగిలేదాకా తగ్గించాలి. నీడలో ఆరబెట్టాలి. మట్టి నింపడానికి ఎరువుల సంచి వాడారో, ఆ ఎరువే ఫలితంలో కనిపిస్తుంది.

శిక్షణకు పేరివ్వబోయే ముందు కొన్ని అడగడానికి మొహమాటపడొద్దు. ఎంతమంది వస్తారు, ఎన్ని పనిముట్లుంటాయి? అరవై మందికి ఒక్క కత్తెర ఉండే అంటు తరగతిలో చూడటమే తప్ప అంటు కట్టేది ఉండదు. ఆ రోజుకు పైరు ఏ దశలో ఉంటుంది? కోతలయ్యాక తెగుళ్ల గుర్తింపు నేర్పడం వల్ల లాభం లేదు. ఖర్చు ఎవరు పెడుతున్నారు? మందుల కంపెనీ పెడితే వెళ్లకూడదని కాదు, చెప్పేదాంట్లో ఏది పాఠం, ఏది అమ్మకం అని వేరు చేసుకుంటూ వినాలి.

మరో మాట. పొలం పట్టా ఎవరి పేరున ఉంటే వారికే శిక్షణ పిలుపు వస్తుంది. నాట్లు, కలుపు, విత్తన శుద్ధి మాత్రం చాలా ఇళ్లలో ఆడవాళ్ల చేతుల్లో ఉంటాయి, మందు కొట్టేది కూలీ మనిషి. పని చేసే మనిషి రాని శిక్షణ సగం శిక్షణే. నిర్వాహకులు వేళ కూడా చూసుకోవాలి. ఇంటి పని తెమలని పొద్దున ఎనిమిదింటికి పిలిచి, ఆడవాళ్లు రాలేదనడం సరికాదు.

వెళ్లేటప్పుడు జబ్బు మొక్క తీసుకెళితే వేరుతో సహా పీకి, కాగితంలో చుట్టండి. ప్లాస్టిక్ సంచిలో చెమ్మకు కుళ్లి, అసలు తెగులేదో గుర్తు పట్టలేకుండా పోతుంది.

తిరిగొచ్చాక పొలమంతా మార్చేయకండి. ఒకే మడిలో రెండు సమాన ముక్కలు చేసి, ఒకదాంట్లో కొత్త పద్ధతి, రెండోదాంట్లో మీ పాత పద్ధతి పెట్టండి. విత్తనం, తేదీ, నీరు రెండింటికీ ఒకటే ఉండాలి, మారేది ఒక్కటే కావాలి. రెండు మూడు మార్చితే లాభం దేనివల్లో తేలదు. వీలైతే మరో రెండు చోట్ల ఇలాగే పెట్టండి, ఎందుకంటే ఒకే పొలంలోనూ సారం ఒక్కలా ఉండదు. కోతకు అంచు సాళ్లు వదిలేసి, ఒక్కో ముక్కలో ఐదు మీటర్లకు ఐదు మీటర్లు కొలిచి విడిగా కోసి నూర్చండి. రెండు రాశులూ ఒకేలా ఆరాకే తూకం వేయాలి. పచ్చి గింజ బరువు మోసం చేస్తుంది. వచ్చిన బరువును 162తో హెచ్చవేస్తే ఎకరం దిగుబడి సుమారుగా తెలుస్తుంది.

ఆ పక్కనే ఖర్చు రాయండి: అదనపు కూలీ, విత్తనం, ఎరువు. దిగుబడి పెరిగినా దాని విలువకు మించి ఖర్చు పెరిగితే ఆ పద్ధతి మీ పొలానికి కుదరలేదన్నమాట. ఆ లెక్కల కాగితం శిక్షణ ఇచ్చినవారికే తీసుకెళ్లి చూపించి, ఎందుకిలా వచ్చిందో అడగండి.

సెలవు.