బస్తా ఎంత బరువు, ఎంత దూరం?

సభకు నమస్కారం. నడుము పట్టేసిన హమాలీని అందరూ అడిగేది ఎంత బరువు ఎత్తారనే. బయోమెకానిక్స్, అంటే ఒంటి మీద బలాలు ఎలా పనిచేస్తాయో చెప్పే శాస్త్రం, చదివినవారు అంతకంటే ముందు అడగవలసింది, ఆ బరువు ఒంటికి ఎంత దూరంలో ఉందని.

వెన్నెముకను నిలబెట్టే నడుము కండరాలు, వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు కేంద్రానికి సుమారు 5 సెంటీమీటర్ల వెనుక నుంచి మాత్రమే లాగగలవు. అదే డిస్కుకు 50 సెంటీమీటర్ల ముందు 20 కిలోల పెట్టె పట్టుకుంటే, మనిషి ముందుకు తూలకుండా ఉండటానికి ఆ కండరాలు పదింతల బలంతో, అంటే 200 కిలోల బరువుకు సమానంగా లాగాలి, ఆ బలమంతా డిస్కును నొక్కుతుంది. మొండెం బరువును నేనింకా లెక్కలోకి తీసుకోలేదు.

జర్మనీలోని ఉల్మ్‌లో విల్కే బృందం ఒక వ్యక్తి నడుము డిస్కులో పీడనాన్ని కొలిచే సాధనం అమర్చి, ఫలితాలను 1999లో ప్రచురించింది. ఊరికే నిలబడితే 0.5 మెగాపాస్కల్, 20 కిలోలు ఒంటికి ఆనించి నిలబడితే 1.1, మోకాళ్లు వంచి ఎత్తితే 1.7, నడుము వంచి ఎత్తితే 2.3. ఒక్కరి మీద తీసుకున్న కొలతలే అయినా, దూరం చేసే పని వాటిలో కనిపిస్తుంది.

ఒక వయోజన పురుషుడు మోసే బరువు 55 కిలోలు దాటితే తగ్గించే చర్యలు చేపట్టాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో సిఫారసు చేసింది. మన మార్కెట్ యార్డుల్లోని 50 కిలోల బస్తా ఆ హద్దులోనే ఉంది. అయితే కార్మికుల భద్రత, ఆరోగ్యంపై పరిశోధించే అమెరికా సంస్థ నియోష్ 1990లలో ఇచ్చిన సూత్రం ప్రకారం అన్నీ అనుకూలించినా 23 కిలోలే ఎత్తాలి, బరువు చీలమండలకు 50 సెంటీమీటర్ల ముందుంటే అది సగానికి పడిపోతుంది.

‘మోకాళ్లు వంచి ఎత్తండి’ అని గోడకు పోస్టరు అంటించడం యాజమాన్యాలకు చవకైన పని. నిండు బస్తా మోకాళ్ల మధ్య పట్టదు కాబట్టి అలా కూర్చుని ఎత్తబోతే అది ఒంటికి మరింత దూరమవుతుంది. ఎత్తే పద్ధతి నేర్పినంత మాత్రాన నడుము నొప్పులు తగ్గుతాయనడానికి ఆధారం లేదని పరిశోధనల సమీక్షలు కూడా తేల్చాయి. అందుకే శిక్షణకు పెట్టే డబ్బు ముందు అరుగులకు పెట్టమంటాను. బస్తాను నేల మీద కాక నడుము ఎత్తున్న అరుగు మీద దింపితే వంగే పని తప్పుతుంది, దాన్ని అంచుదాకా జరుపుకుని ఒంటికి ఆనించుకుని ఎత్తుకోవచ్చు. అరుగు కట్టలేని చోట 25 కిలోల సంచులు వాడాలి, లేదా ఇద్దరు కలిసి ఎత్తాలి.