ఊ కొట్టడమూ ఒప్పుకోవడమూ

శ్రోతలకు నమస్కారం.

ఉద్యోగరీత్యా నేను ఆరేళ్లపాటు జపాన్ రాజధాని టోక్యోలో నివసించాను. నా నివాసం నగరానికి తూర్పు వైపున, ఎదొగావా వార్డులోని నిషి కసాయ్ ప్రాంతంలో ఉండేది. 2000 సంవత్సరానికి కాస్త అటూ ఇటూగా కంప్యూటర్ల పని మీద వెళ్లిన భారతీయ కుటుంబాలు అనేకం అక్కడే నిలదొక్కుకున్నందువల్ల, కందిపప్పు కోసమో కరివేపాకు కోసమో ఊరంతా వెతకవలసిన అవసరం నాకు రాలేదు. పరాయి దేశంలో ఉన్నానన్న సంగతి నాకు వంటింట్లో కాక ఆఫీసులో తెలిసివచ్చింది. ఈ పూట ఆ కథే మీకు వినిపించదలచుకున్నాను.

ఉద్యోగంలో చేరిన రెండో నెలలో, సాఫ్ట్‌వేరును పరీక్షించే పద్ధతిలో కొన్ని మార్పులు సూచిస్తూ ఒక ప్రతిపాదన తయారుచేసి, సమావేశంలో ఇంగ్లీషులో వివరించాను. ఎదురుగా కూర్చున్న ఎనిమిది మందీ వాక్యం వాక్యానికీ తలలు ఊపుతూ, ‘హాయ్, హాయ్’ అంటూ ఎంతో శ్రద్ధగా విన్నారు. నేను చదువుకున్న పాఠ్యపుస్తకంలో ‘హాయ్’ అంటే ‘యెస్’ అనే ఉంది. చివర మా విభాగాధిపతి ఇంగ్లీషులోనే ‘పరిశీలిస్తాం’ అన్నారు. నేను ఆ సాయంత్రమే హైదరాబాదులోని మా బృందానికి, పని దాదాపు ఖాయమైనట్టేనని రాసేశాను. నెల గడిచింది, కదలిక లేదు. అడిగితే మళ్లీ అదే మాట, పరిశీలిస్తున్నామని. వీళ్లు పైకొకటి, లోపలొకటి పెట్టుకునే మనుషులని నేను తీర్మానించుకోవడమే కాక, ఇంటికి ఫోన్ చేసి మా అమ్మకు కూడా ఆ మాటే చెప్పాను.

ఆ తీర్మానం ఎంత తొందరపాటో నాకు తెలియజెప్పింది, వారాంతాల్లో స్వచ్ఛందంగా జపనీస్ నేర్పే ఒక పెద్దావిడ. వినేవాళ్లు మధ్యమధ్య పలికే ‘హాయ్’, ‘ఎఎ’ వంటి మాటలను వాళ్లు ‘ఐజుచి’ అంటారట. అది కమ్మరి కొలిమిలో పుట్టిన మాట. ఎర్రగా కాలిన ఇనుము మీద గురువు సుత్తి దెబ్బ వేయగానే, ఎదుట నిలబడ్డ శిష్యుడు సమ్మెట దెబ్బ వేస్తాడు. ఆ జోడు దెబ్బ పేరే ఐజుచి. అది వినగానే నాకు నవ్వాగలేదు. అమ్మమ్మ కథ చెబుతుంటే చీకట్లో పడుకుని మనం చేసేదేమిటి? ఊ కొట్టడమే కదా! వాళ్ల మాటలో సుత్తి ఉంది, మన మాటలో కొట్టడం ఉంది. ఊ కొట్టినంత మాత్రాన కథలోని రాజుగారు చేసిన పనిని పిల్లవాడు ఒప్పుకున్నట్టు ఎవరూ అనుకోరు. నిద్రపోలేదని మాత్రమే దాని అర్థం.

‘పరిశీలిస్తాం’ సంగతీ అంతే. జపనీస్‌లో ‘కెంతో షిమాస్’ అనే ఆ మాట చాలా సందర్భాలలో మర్యాదగా చెప్పిన ‘కాదు’. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు కాఫీ తాగి లేస్తూ ‘ఇంటికి వెళ్లి మాట్లాడుకుని కబురు చేస్తామండీ’ అంటే, దాని అర్థం మా ఇంట్లో పదేళ్ల పిల్లకు కూడా తెలుసు. ‘చూద్దాం లెండి’ అనే మాటను నేను పుట్టినప్పటి నుంచి వింటున్నాను, వాడుతున్నాను. అదే మాట ఇంగ్లీషు వేషంలో వచ్చేసరికి గుర్తుపట్టలేకపోయాను. నాకూ వాళ్లకూ సొంతం కాని ఇంగ్లీషు మా మధ్య నిలబడి, నాకు బాగా తెలిసిన మనుషులనే అపరిచితులుగా చూపించింది.

మరో చిన్న ఉదాహరణ చెబుతాను. ‘ఫైలు ఇంకా రాలేదా?’ అని ఇంగ్లీషులో అడిగితే సహోద్యోగి ‘యెస్’ అనేవాడు. వచ్చిందనుకుని నేను వెతికేవాణ్ని. అతను చెప్పింది ‘ఆఁ, రాలేదండీ’ అని. మనమూ అలాగే చెబుతాం.

ఇక ప్రతిపాదనలు ఎలా నెగ్గుతాయో కూడా ఆ తర్వాతే తెలిసింది. పెద్ద చెట్టును మరోచోటికి మార్చేముందు వేళ్ల చుట్టూ తవ్వి, కొన్నింటిని కత్తిరించి, కొత్త పీచువేళ్లు పుట్టేదాకా ఆగడాన్ని అక్కడి తోటపనివాళ్లు ‘నెమవాషి’ అంటారు. ఆఫీసులోనూ అదే పేరు. సమావేశానికి ముందే ఒక్కొక్కరి దగ్గరకూ వెళ్లి, సందేహాలు విని, కాగితం దిద్దుకోవాలి. నేను మూడు నెలలు అలా తిరిగాను. సమావేశం పది నిమిషాలలో ముగిసింది. అంత నిదానం నాకు ఇప్పటికీ నచ్చదు; కానీ ఆ తర్వాత ఎవరూ అడ్డుచెప్పలేదన్నది నిజం.

తెలుగు తెలిసినందువల్ల అన్నీ సులువయ్యాయని చెబితే అబద్ధమవుతుంది. ఒకసారి బయటి సంస్థవాళ్లు మా విభాగాధిపతి కోసం ఫోన్ చేశారు. నేను ఆయన పేరుకు భక్తిగా ‘సాన్’ చేర్చి, ఇప్పుడు సీటులో లేరని జవాబు చెప్పాను. ఫోన్ పెట్టేశాక పక్క సీటామె గొంతు తగ్గించి నా తప్పు చెప్పింది. బయటివాళ్లతో మాట్లాడేటప్పుడు మనవాళ్లు ఎంతటి పెద్దవాళ్లయినా వాళ్ల పేరుకు గౌరవవాచకం తగిలించకూడదు. ఇతరుల తండ్రి ‘ఒతో సాన్’. తన తండ్రిని గురించి బయటివాళ్లకు చెప్పేటప్పుడు ‘చిచి’ మాత్రమే. ఎవరి ముందైనా ‘మా నాన్నగారు’ అనే అలవాటున్న నాకు, అధికారిని వట్టి పేరుతో ప్రస్తావించడం నాలుకకు పట్టడానికి రెండేళ్లు పట్టింది. తనవాళ్లను తగ్గించి చెబితే ఎదుటివాళ్లను పెంచినట్టని వాళ్ల లెక్క. మనకు గౌరవం మనిషిని అంటిపెట్టుకుని ఉంటుంది. వాళ్లకు అది, ఎవరి ముందు నిలబడి మాట్లాడుతున్నామన్నదాన్ని బట్టి మారుతుంది.

వాళ్లు నన్ను ఎలా చూశారన్నది ఆలస్యంగా తెలిసింది. మా విభాగాధిపతి నాకు ఏ పని అయినా రెండుమూడు సార్లు వివరించేవారు. నన్ను మందమతి అనుకుంటున్నారని లోలోపల బాధపడేవాణ్ని. అసలు కారణం నా తల! వింటున్నప్పుడు మనం అలవాటుగా తలను అటూ ఇటూ ఆడిస్తాం కదా. అక్కడ తల పక్కకు వంచితే, అర్థం కాలేదనో సందేహంగా ఉందనో సూచన. పాపం, ఆయన ప్రతిసారీ మొదటికి వచ్చేవారు.

మా ఇంటి యజమానురాలు కింది అంతస్తులో ఉండేవారు. రోజూ పొద్దున ఆవిడ వాకిలి ఊడుస్తుంటే, నేను ‘ఇత్తె కిమాస్’ అని చెప్పి ఆఫీసుకు బయలుదేరేవాణ్ని. అక్షరాలా ‘వెళ్లొస్తాను’ అనే మాటే అది. ఆవిడ ‘ఇత్తెరష్షాయ్’ అనేవారు, ‘వెళ్లిరండి’ అని. అయితే, తిరిగి అదే చోటికి వచ్చేవాళ్లే ఆ మాట అనాలి. శాశ్వతంగా వెళ్లిపోయేవాళ్లు, ఇన్నాళ్లూ మీవల్ల మేలు పొందామని కృతజ్ఞత చెప్పుకుని సెలవు తీసుకోవాలి. నేను ఇల్లు ఖాళీచేసిన రోజున ఆ వాక్యాన్ని రాత్రంతా వల్లెవేసుకున్నాను. తీరా పెట్టెలతో గడప దాటేసరికి, నోటివెంట ‘ఇత్తె కిమాస్’ అనే వచ్చింది. ఆవిడ చీపురు ఆపి, పెట్టెలను చూసి, నన్ను చూసి, ఒక్క క్షణం ఆగి ‘ఇత్తెరష్షాయ్’ అన్నారు.