బళ్లో ట్యాబ్, నోటి ముందు మైకు: పాడ్‌కాస్ట్ చదువేనా?

(బెంగళూరు స్టూడియో చర్చ. ఏడో తరగతి పిల్లలు ట్యాబ్‌లో చేసిన తెలుగు పాడ్‌కాస్ట్‌ని (నెట్‌లో వినే మాటల కార్యక్రమాన్ని) ఒక ప్రైవేటు స్కూలు వాళ్ల పేర్లతో సహా నెట్‌లో పెట్టింది. దానిపై తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పారు.)

మోడరేటర్: సూటిగా అడుగుతున్నా. ఇంట్లో ఫోను వదలని పిల్లలకి బళ్లో మళ్లీ ట్యాబా? స్క్రీన్ టైమ్ మాటేంటి?

తెలుగు టీచర్: ఇందులో తెర చూసేది తక్కువండీ. నలుగురికి ఒక్క ట్యాబ్. ముందు ప్రశ్నలు, స్క్రిప్టు అన్నీ కాగితం మీదే. నాలుగు నిమిషాల ఎపిసోడ్‌కి మూడు నాలుగు వందల మాటలు...

సౌండ్ ఇంజనీర్: స్క్రిప్టు సరే మేడం, ముందు వినబడాలిగా! పైన ఫ్యాను, బయట హారన్లు, నున్నటి గోడలు. ట్యాబ్‌ని బల్ల మీద పడుకోబెట్టి చుట్టూ నలుగురు కూర్చుంటే బావిలోంచి మాట్లాడినట్టుంటుంది. మైకు నోటికి జానెడు దూరంలో ఉండాలి. ఫ్యాను ఆపాలి. కవరు మైకు రంధ్రాన్ని మూసేసిందేమో చూడాలి.

తల్లి: నేనడిగేది అది కాదండీ. నా కూతురి పేరు, క్లాసు, గొంతు...

సౌండ్ ఇంజనీర్: వస్తున్నానమ్మా, ఒక్క నిమిషం. కొందరు కాలర్ మైకు (చొక్కాకి తగిలించేది) కొంటారు. కెమెరా మైకు పిన్నుకి రెండు నల్ల గీతలుంటాయి. ట్యాబ్ హెడ్‌ఫోన్ రంధ్రానికి కావాల్సింది మూడు గీతలది. రెండు గీతలది గుచ్చితే చాలాసార్లు ట్యాబ్ తన సొంత మైకుతోనే రికార్డు చేసుకుపోతుంది. పిల్లలకి ఇంటికెళ్లి విన్నాక గానీ తెలీదు! రికార్డు నొక్కగానే మైకుని గోటితో గీకండి. తెర మీద లెవెల్ గీత (శబ్దం జోరు చూపేది) ఎగరకపోతే మైకు పనిచేయట్లేదన్నమాటే.

మోడరేటర్: అంటే తెర చూడాల్సిందేగా! స్క్రీన్ టైమ్...

సౌండ్ ఇంజనీర్: రెండు సెకన్లండీ! ఇంకోటి, గట్టిగా నవ్వినా లెవెల్ మైనస్ 6 డెసిబెల్స్ దాటకూడదు, సున్నా దాకా వెళ్తే గొంతు చీలుతుంది. ఎర్రగీత తాకి చీలిన గొంతుని ఏ ఎడిటింగూ పూర్తిగా అతకదు. మాటలకి ముందు పది సెకన్లు గది నిశ్శబ్దం రికార్డు చేయాలి, ముక్కలు కోసి అతికే చోట పనికొస్తుంది. కాల్స్, మెసేజ్‌లు రాకుండా ఫ్లైట్ మోడ్...

తల్లి: నన్ను చెప్పనిస్తారా? 2023 డేటా రక్షణ చట్టం లెక్కలో 18 నిండని వాళ్లంతా పిల్లలే. వాళ్ల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది అది.

టీచర్: అడ్మిషన్ ఫారంలో సంతకం చేశారు కదా...

తల్లి: అది ఫొటోలకి! గొంతు సంగతి అందులో ఎక్కడుంది?

మోడరేటర్: అసలు బెంగళూరు పిల్లలకి తెలుగులో అంత పట్టు ఉందా? కన్నడ, ఇంగ్లీషు కలిసిపోతాయిగా?

టీచర్: అందుకే ఇది కావాలంటున్నా! 'కళ్లు' అనబోయి 'కల్లు' అన్న పిల్లాడికి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. తన గొంతు తను వింటే వెంటనే పట్టుకుంటాడు, అడక్కుండానే మళ్లీ చదువుతాడు. ఆ పని నోటుపుస్తకం చేయలేదు.

తల్లి: విననివ్వండి, వద్దనట్లేదు. ఊరందరికీ ఎందుకు?

సౌండ్ ఇంజనీర్: నేనూ అదే అంటున్నా! మోనో వేవ్ ఫైలు (కుదించని రికార్డింగు) నిమిషానికి దాదాపు 5 ఎంబీ. 64 కేబీపీఎస్ ఎంపీ3గా కుదిస్తే అర ఎంబీ. పెన్‌డ్రైవ్‌లో ఇంటికి పంపండి, నెట్ ఎందుకు?

టీచర్: నలుగురు వింటారంటేనే కదా పిల్లలు శ్రద్ధగా...

సౌండ్ ఇంజనీర్: ముందు ఫ్యాను ఆపమనండి మేడం! బ్లూటూత్ హెడ్‌సెట్లతో రికార్డింగ్ కూడా వద్దు...

మోడరేటర్: టైమ్ అయిపోయింది. స్క్రీన్ టైమ్ మీద నా ప్రశ్న అలాగే ఉంది...

తల్లి: నాదీ అంతే. ఆ ఎపిసోడ్ ఇంకా నెట్‌లోనే ఉంది.