ప్రశ్న అడిగితే తప్పా? విశాఖ స్టూడియోలో రచ్చ

(విశాఖలోని ఒక లోకల్ ఛానెల్ చర్చకు ఇది రాతప్రతి. ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడిన చోట వినపడినంతే రాశాం. అందరికీ సమాన సమయం అని మొదట్లో చెప్పారు. ఎలా పంచారో మీరే చూడండి.)

మోడరేటర్: నమస్కారం. నగరంలో ఒక డిగ్రీ కాలేజీలో స్టూడెంట్ సెమినార్. ఒక అమ్మాయి బీచ్ రోడ్డు చుట్టుపక్కల 11 బోర్ల నీళ్లు పరీక్షించి, సముద్రపు నీరు భూమిలోకి చొచ్చుకొస్తోందని చెప్పింది. తోటి విద్యార్థి లేచి వరసగా నాలుగు ప్రశ్నలు వేశాడు. అమ్మాయి స్టేజీ మీదే ఏడ్చేసింది. వీడియో అందరి ఫోన్లలోకీ వచ్చేసింది. ఇకమీదట ప్రశ్నలు నోటితో అడగొద్దు, చీటీ మీద రాసివ్వండి అంటోంది కాలేజీ. సబబేనా? ఇంకో సంగతి. తెలుగులో చెప్పుంటే ఈ ఏడుపు ఉండేదా? మాస్టారూ, రెండు నిమిషాలు.

రిటైర్డ్ లెక్చరర్: రెండు నిమిషాలు చాలవండీ, ముందే చెబుతున్నా. వీడియో మూడుసార్లు చూశాను. ఆ కుర్రాడు అడిగిందేమిటి? నీళ్లు వానలకు ముందు పట్టారా, తర్వాతా? బోర్ల లోతెంత? మీటరు సరిగ్గా చూపిస్తోందో లేదో చెక్ చేశారా? టీడీఎస్, అంటే నీళ్లలో కరిగినవాటి మొత్తం, అదొక్కటే కొలిచి సముద్రపు నీరని ఎలా అన్నారు, సముద్రపు ఉప్పులో ఉండే క్లోరైడ్ చూశారా? ఇందులో తప్పేముంది? ఆ పెన్ను లాంటి మీటరుకు ఉప్పు కనపడదండీ. నీళ్లలో కరెంటు ఎంత పారుతోందో చూసి, లెక్కకట్టి ఒక అంకె చూపిస్తుంది. కరిగింది సముద్రపు ఉప్పో, రాతిలోంచి ఊరిన సున్నమో, మురుగో దానికేం తెలుసు?

తల్లి (గాజువాక): అది కాదండీ, అడిగిన పద్ధతి...

లెక్చరర్: పూర్తి చెయ్యనివ్వండమ్మా. క్లోరైడ్ లేకుండా...

తల్లి: మరేటండీ, అడగొద్దని ఎవరన్నారు? చివర్లో 'ఇది రీసెర్చా, టైంపాసా' అన్నాడు కదా! వెనక బెంచీల వాళ్లు గొల్లుమన్నారు. పిల్ల ఏడ్చింది ఆ నవ్వుకండీ, క్లోరైడ్‌కి కాదు.

మోడరేటర్: అంటే ఇంగ్లీషులో చెప్పాల్సి రావడం వల్ల టెన్షన్...

తల్లి: ఆ కుర్రాడు అడిగింది తెలుగులోనే కదండీ.

మోడరేటర్: అదే, అక్కడే ఉంది కిటుకు!

(ఏమిటా కిటుకో చివరిదాకా తేలలేదు.)

లెక్చరర్: ఖగోళ శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ సంగతి తెలుసా మీకు? 1935 జనవరి, లండన్, రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ. కుర్రాడికి 24 ఏళ్లు. నక్షత్రాల మీద తన లెక్క చెప్పి కూర్చున్నాడు. వెంటనే అప్పటి పెద్ద ఖగోళ శాస్త్రవేత్త ఎడింగ్టన్ లేచాడు. అంతటి మహానుభావుడు సభంతా నవ్వేలా కొట్టిపారేశాడు. చంద్రశేఖర్ ఏడ్చాడా? 1983లో నోబెల్ తీసుకున్నాడు!

పరిశోధక విద్యార్థిని: సార్, ఆ కథ మీ వాదనకే ఎదురు కదా. అక్కడ తప్పు ఎడింగ్టన్‌ది. పైగా జవాబు చెప్పుకోవడానికి చంద్రశేఖర్‌కి అవకాశమే ఇవ్వలేదు. ఇక్కడా అంతే, వీడియోలో సెషన్ నడిపే ఆయన ఫోన్...

లెక్చరర్: చివరికి గెలిచాడా లేదా? మన అష్టావధానం చూడండి. ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుంటారు. నిషిద్ధాక్షరి ఒకవైపు, అప్రస్తుత ప్రసంగం ఒకవైపు. అవధాని ఏడుస్తాడా?

తల్లి: అవధానిది ఏళ్ల సాధనండీ. మా పాపకి స్లైడ్లు చేసుకోవడానికే రెండు రాత్రులు పట్టింది. సరే, నీళ్ల మాట వచ్చింది కాబట్టి అడుగుతాను, మా బోరు నీళ్లకు బకెట్ తెల్లగా గార కడుతోంది, అదీ సముద్రమేనా?

లెక్చరర్: అది కాఠిన్యం, నీళ్లలోని సున్నం వల్ల వచ్చేది, వేరే. తాగే నీళ్లలో టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. వేరే నీళ్లు దొరక్కపోతే 2000 వరకు సర్దుకోవచ్చు. అదీ మన దేశ ప్రమాణం. మీదెంత?

తల్లి: కొలవలేదండీ.

లెక్చరర్: చూశారా! కొలవకుండానే...

మోడరేటర్: నీళ్లలోకి వెళ్లిపోయాం. మేడమ్, మీరు నలభై సెకన్లలో.

పరిశోధక విద్యార్థిని: నా మొదటి ప్రెజెంటేషన్‌లో నాకూ నోరు పెగల్లేదు. తెలియదు అంటే మార్కులు పోతాయనుకున్నాను. ఆ అమ్మాయి 'క్లోరైడ్ కొలవలేదు, కాబట్టి సముద్రం అనలేను, టీడీఎస్ పెరిగింది అని మాత్రమే అనగలను' అంటే సరిపోయేది. ఆ ఒక్క వాక్యం మాకెవరూ...

లెక్చరర్: ఆగండి. పెరిగింది అని ఎలా అంటారు? పాత కొలత ఉందా?

పరిశోధక విద్యార్థిని: (కాస్త ఆగి) లేదు సార్. కరెక్టే. 'ఎక్కువగా ఉంది' అనాలి.

లెక్చరర్: ఆఁ. అదీ.

(చర్చ మొత్తంలో ఒక ప్రశ్న, దానికి ఒక జవాబు, ఎవరి గొంతూ లేవకుండా జరిగింది ఇక్కడొక్కచోటే. పది సెకన్లు కూడా పట్టలేదు.)

పరిశోధక విద్యార్థిని: ఇప్పుడు మీరు అడిగినట్టే అడిగితే...

మోడరేటర్: గమనించారా, ఇద్దరూ తెలుగులోనే మాట్లాడుకున్నారు! నేను మొదటి నుంచీ అంటున్నది ఇదే.

తల్లి: చీటీల సంగతి తేల్చండి ముందు. చీటీ మీదైతే ఎవరు రాశారో తెలీదు. వెటకారం ఇంకా ఎక్కువవుతుందని నా భయం.

లెక్చరర్: చీటీలు శుద్ధ దండగ. జవాబు విని దాని మీద మళ్లీ అడగాలి, అదే అసలు ప్రశ్న. చీటీ మళ్లీ అడుగుతుందా? మా రోజుల్లో అయితే...

(ఇక్కడ మాస్టారి కాలేజీ రోజులు. నాలుగు నిమిషాలు. వదిలేశాం.)

మోడరేటర్: మాస్టారి మాటతో అందరూ ఏకీభవిస్తున్నట్టే ఉంది.

తల్లి: నేనేం ఏకీభవించలేదండీ.

పరిశోధక విద్యార్థిని: మాస్టారిని నేనొక ప్రశ్న అడగాలి. ఒక్కటే.

మోడరేటర్: టైం అయిపోయింది మేడమ్. చీటీ మీద రాసివ్వండి, వచ్చేవారం చూద్దాం.

లెక్చరర్: ఒక్క నిమిషం, ఎడింగ్టన్ గురించి ఇంకొకటి చెప్పాలి...

(ఆడియో ఇక్కడితో ఆగింది.)